చుక్కలు చూడాలంటే ఎంత దూరం వెళ్లాలి? చీకటి ఆకాశ యాత్రల వెనక లెక్కలు

సంక్షిప్తంగా: నక్షత్రాలు చూడటానికి చీకటి ప్రాంతాలకు వెళ్లే ధోరణి పెరుగుతోంది. అయితే ఊరికి దూరంగా వెళ్లినంత మాత్రాన పని పూర్తికాదు. తిథి, రుతువు, అక్షాంశం, గాలిలోని తేమ, చూసే కంటి స్థితి కూడా దూరమంత ముఖ్యమే. చీకటి ప్రాంతంగా గుర్తింపు ఉందంటే అక్కడి దీపాలకు కట్టడి ఉందని అర్థం. వెళ్లిన రాత్రే పాలపుంత కనబడుతుందన్న హామీ అందులో ఉండదు.

మనిషి కంటికి అందేంత ప్రకాశం ఉన్న నక్షత్రాలు మొత్తం ఆకాశంలో సుమారు 9,000. అందులో సగం ఎప్పుడూ భూమికి అవతలి వైపే ఉంటాయి. దిగంతానికి దగ్గరగా ఉన్నవి దట్టమైన గాలి పొరల్లో మసకబారతాయి. అందుకే ఎంత చిక్కటి చీకట్లో నిలబడినా ఒకేసారి కంటికి కనిపించేవి రెండున్నర నుంచి మూడు వేలు. యాత్రల ప్రకటనల్లో కనిపించే ‘లక్షలాది చుక్కలు’ కంటికి విడివిడిగా అందేవి కావు. అవన్నీ కలిసి పాలపుంత అనే మసక వెలుగుగా కనిపిస్తాయి. పెద్ద నగరం నడిబొడ్డున అదీ ఉండదు. అక్కడ చుక్కల లెక్క పదుల్లోకి పడిపోతుంది.

ఈ తేడాయే చీకటి ఆకాశ యాత్రలకు గిరాకీ తెచ్చింది. కృత్రిమ కాంతి వల్ల రాత్రి ఆకాశం ఎంత వెలుగెక్కిందో చూపే ప్రపంచ పటం 2016లో వెలువడింది. ప్రపంచ జనాభాలో 83 శాతం మంది కాంతి కాలుష్యమున్న ఆకాశం కింద బతుకుతున్నారని, మూడోవంతుకు పైగా జనం తామున్న చోటి నుంచి పాలపుంతను చూడలేరని అది తేల్చింది. ఒకప్పుడు వాకిట్లోకి వస్తే కనిపించేదానికి ఇప్పుడు టికెట్ కొనుక్కుని వెళ్లాల్సి వస్తోంది. అలా వెళ్లినవాళ్లలో అబ్బురపడి తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు, ‘ఫొటోలో ఉన్నట్టు లేదే’ అని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. ఒకే చోటుకు వెళ్లినా ఇద్దరి అనుభవం ఎందుకంత వేరుగా ఉంటుందో తెలియాలంటే ముందు ఆకాశం ఎలా వెలుగెక్కుతుందో చూడాలి.

## తెర తెల్లబడితే చుక్క కనబడదు

నక్షత్రం వెలుగు ఎప్పటిలాగే భూమికి చేరుతుంది. మారేది దాని వెనకున్న తెర. వీధి దీపాలు, ప్రకటన బోర్డులు, భవనాల అలంకరణ దీపాల నుంచి పైకి పోయిన కాంతి గాలిలోని అణువులను, దుమ్మును, తేమ కణాలను తాకి చెదిరిపోతుంది. అందులో కొంత తిరిగి కిందికి వస్తుంది. ఊరి మీద గొడుగులా కనిపించే లేత వెలుగు అదే. ఆ వెలుగు కంటే మసకగా ఉన్నదేదీ కంటికి ఆనదు.

కాంతి రంగును బట్టి ఈ చెదరడం మారుతుంది. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ అణువుల వల్ల చెదిరే కాంతి బాగా పెరుగుతుంది. 450 నానోమీటర్ల నీలి కాంతి, 600 నానోమీటర్ల నారింజ కాంతి కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. పాత సోడియం దీపాలది నారింజ వెలుగు. వాటి స్థానంలో వచ్చిన తెల్లటి ఎల్‌ఈడీల్లో నీలి భాగం ఎక్కువ. కరెంటు ఆదా అయింది గానీ, వెలుగు చౌకైనందువల్ల దీపాల సంఖ్య పెరిగింది, వాటి కాంతి పైన చెదిరేదీ ఎక్కువైంది.

దీని ప్రభావం ఉపగ్రహ చిత్రాల్లో పూర్తిగా కనిపించదు. రాత్రి వెలుగును కొలిచే ప్రధాన ఉపగ్రహ పరికరానికి నీలి కాంతిని గుర్తించే శక్తి లేదు. పైగా అది నేరుగా పైకి వచ్చే కాంతినే ఎక్కువగా పట్టుకుంటుంది. అడ్డంగా పారే కాంతి దాని లెక్కలోకి సరిగా రాదు. నేల మీద నిలబడి చూసేవాళ్ల లెక్క వేరుగా ఉండటానికి ఇదో కారణం. ‘గ్లోబ్ ఎట్ నైట్’ అనే కార్యక్రమంలో 2011 నుంచి 2022 వరకు సామాన్యులు పంపిన 51,000కు పైగా పరిశీలనలను విశ్లేషించిన పరిశోధన 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోంది. అంటే ఎనిమిదేళ్లు తిరగకముందే రెట్టింపు. బిడ్డ పుట్టిననాడు 250 చుక్కలు కనిపించే చోట, ఆ బిడ్డకు 18 ఏళ్లొచ్చేసరికి 100 మాత్రమే మిగులుతాయని పరిశోధకులు లెక్కకట్టారు. ఆ పరిశీలనల్లో ఎక్కువ భాగం ఐరోపా, ఉత్తర అమెరికాల నుంచి వచ్చినవి కాబట్టి అదే వేగాన్ని ప్రపంచమంతటికీ అంటగట్టడం సరికాదు. దిశ విషయంలో మాత్రం అనుమానం లేదు.

## దూరం లెక్క

నగరం నుంచి ఎంత దూరం పోతే చీకటి దొరుకుతుంది? 1970ల్లో మెర్ల్ వాకర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కాలిఫోర్నియా పట్టణాల చుట్టూ కొలతలు తీసి ఒక సూత్రం చెప్పారు. జనాభా పెరిగేకొద్దీ వెలుగు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ మాత్రం చాలా వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు సుమారు ఆరో వంతుకు పడిపోతుంది.

ఆ సూత్రంతో 10 లక్షల జనాభా ఉన్న నగరం వైపు తిరిగి, దిగంతానికి 45 డిగ్రీల ఎత్తున చూస్తే వచ్చే ఫలితాలివి. 25 కిలోమీటర్ల దూరంలో నగరం కలిపే వెలుగు, సహజమైన ఆకాశపు వెలుగుకు మూడు రెట్లు. 50 కిలోమీటర్లకు వెళితే సగం కంటే కాస్త ఎక్కువ. 100 కిలోమీటర్ల దగ్గర 10 శాతం. కోటి జనాభా ఉన్న మహానగరమైతే ఆ 10 శాతానికి దిగడానికి 250 కిలోమీటర్లు కావాలి. 10,000 మంది ఉండే చిన్న పట్టణానికి 16 కిలోమీటర్లు చాలు. తలసరి దీపాల వాడకం దేశానికో తీరుగా ఉంటుంది కాబట్టి వీటిని కచ్చితమైన అంకెలుగా కాక అంచనాలుగా చూడాలి. అయినా వీటి నుంచి పనికొచ్చే విషయం ఒకటి తేలుతుంది. మొదటి 50 కిలోమీటర్ల ప్రయాణం ఇచ్చేంత లాభం ఆ తర్వాతి 50 ఇవ్వదు. ఆ తర్వాతి 100 ఇంకా తక్కువ ఇస్తుంది.

ఎటువైపు వెళ్లామన్నదీ చూసుకోవాలి. చూడదలచిన ఆకాశం దక్షిణాన ఉంటే, నగరం ఉత్తరాన వెనక ఉండేలా చోటు ఎంచుకోవడం మంచిది. నగరానికీ చూసేచోటుకూ మధ్య కొండ వరస అడ్డుంటే మరీ మంచిది.

చీకటిని కొలవడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది జాన్ బోర్టిల్ 2001లో ప్రతిపాదించిన 9 తరగతుల కొలమానం. ఇందులో 1 అంటే అత్యంత చీకటి, 9 అంటే మహానగరం నడిమధ్య. రెండోది ‘స్కై క్వాలిటీ మీటర్’ అనే చేతిలో ఇమిడే పరికరం. అది ఆకాశంలోని అతి చిన్న చదరం (చదరపు ఆర్క్‌సెకను) ఎంత వెలుగ్గా ఉందో మాగ్నిట్యూడ్ అనే ప్రమాణంలో చూపుతుంది. అంకె పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ. సహజమైన చీకటి ఆకాశం 22 దగ్గర ఉంటుంది. నగరాల్లో 18, అంతకంటే తక్కువ. 22కూ 18కీ తేడా నాలుగే అనిపిస్తుంది గానీ ఇది లాగరిథమ్ లెక్క. రెండో ఆకాశం మొదటిదాని కంటే సుమారు 40 రెట్లు వెలుగ్గా ఉందని అర్థం.

పరికరం లేకపోయినా చీకటిని పసిగట్టే గుర్తు ఒకటుంది. నగరంలో మబ్బు పట్టిన రాత్రి ఆకాశం ఎర్రగానో తెల్లగానో వెలుగుతుంది. కింది దీపాల కాంతిని మబ్బులు తిప్పికొట్టడమే కారణం. నిజమైన చీకటి చోట దీనికి పూర్తిగా తలకిందులు. తిప్పికొట్టడానికి కింద కాంతే ఉండదు కాబట్టి మబ్బు తునక ఆకాశం కంటే నల్లగా, చుక్కల మధ్య పడిన రంధ్రంలా కనబడుతుంది. తలపైకి మబ్బు వచ్చిందన్న సంగతి అక్కడ చుక్కలు ఆరిపోవడం వల్లే తెలుస్తుంది. అలాగని ఆ ఆకాశమూ పూర్తి నలుపు కాదు. వాతావరణం పైపొరల్లో, ముఖ్యంగా 90 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున, ఆక్సిజన్ వంటివి తమంతట తాము లేతగా వెలుగుతుంటాయి. ఏ దీపమూ లేని ఎడారిలో కూడా చెయ్యి ఆకృతి ఆకాశానికి అడ్డుగా పోల్చుకోగలగడానికి అది కూడా ఒక కారణం.

## తిథి తప్పితే దూరమంతా వృథా

యాత్రల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. సెలవులను బట్టి తేదీ ఖరారు చేసుకుని, చంద్రుడి సంగతి తర్వాత చూసుకుంటారు. పౌర్ణమి రాత్రి ఎంత మారుమూల ఎడారైనా, చుక్కల విషయంలో నగర శివారుకు పెద్ద తేడా ఉండదు.

ఇందులో అంతగా తెలియని మెలిక ఒకటుంది. సగం చంద్రుడు అంటే సగం వెలుగు అనుకోవడం సహజం. నిజానికి అష్టమి నాటి చంద్రుడి వెలుగు పౌర్ణమి వెలుగులో దాదాపు పదోవంతే. పౌర్ణమి నాడు సూర్యకాంతి చంద్రుడి మీద నిట్టనిలువుగా పడుతుంది. అక్కడి రాళ్ల, గుంతల నీడలు మన కంటికి కనబడవు. అష్టమి నాడు ఏటవాలు కాంతిలో ప్రతి మిట్టా నీడ పరుస్తుంది. కాబట్టి శుక్లపక్షం తొలి రోజుల్లోనూ పనిజరుగుతుంది. శుక్ల అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. ఆ తర్వాత తెల్లవారేదాకా ఆకాశం చీకటే. పౌర్ణమి దాటాక చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. బహుళ పంచమి, షష్ఠి నాటికి రాత్రి తొలి గంటలు ఖాళీ దొరుకుతాయి. మొత్తంమీద అమావాస్యకు అటూఇటూ అయిదారు రోజులు మేలు.

సూర్యాస్తమయం కాగానే చీకటి పడదు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కిందికి దిగితేనే పూర్తి చీకటి. ఉష్ణమండలంలో దీనికి గంటా పదిహేను నిమిషాల దాకా పడుతుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ ఈ సంధ్య సాగుతుంది. దాదాపు 49 డిగ్రీల అక్షాంశం దాటితే జూన్ మూడో వారంలో ఉత్తరార్ధగోళంలో రాత్రంతా పూర్తి చీకటి పడదు. ఉత్తర ఐరోపాలో వేసవి సెలవులు చుక్కల యాత్రకు పనికిరాకపోవడం ఇందువల్లే.

ఉల్కాపాతాల వార్తల్లోనూ ఇలాంటి తికమకే ఉంటుంది. ‘గంటకు 100 ఉల్కలు’ అని రాసే అంకె, ఉల్కలు వెలువడుతున్నట్టు కనిపించే బిందువు నడినెత్తిన ఉండి, ఆకాశం సహజమైన చీకటితో ఉన్నప్పటి ఊహాత్మక లెక్క. చంద్రుడుంటే, ఆ బిందువు కిందుగా ఉంటే అది 30కో, 20కో దిగిపోతుంది. అందుకే ఉల్కాపాతపు రోజు అమావాస్య దగ్గర పడిన ఏడాది మంచి ఏడాది. 2026 ఆగస్టు 12న సంపూర్ణ సూర్యగ్రహణం ఉంది. గ్రహణమంటేనే అమావాస్య కాబట్టి, అదే రాత్రి గరిష్ఠ స్థాయికి చేరే పెర్సీడ్ ఉల్కలకు చంద్రుడి అడ్డంకి లేనట్టే.

## అందరి ఆకాశం ఒకటి కాదు

పాలపుంతలో అన్నింటికంటే కాంతిమంతమైన భాగం దాని కేంద్రం. అది ధనుస్సు, వృశ్చిక రాశుల మధ్య, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) సుమారు 29 డిగ్రీల దక్షిణాన ఉంది. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో అది గరిష్ఠంగా 11 డిగ్రీల ఎత్తుకే లేస్తుంది. అంత కిందుగా ఉన్నదాన్ని చూడాలంటే నడినెత్తిన ఉన్నదానికంటే అయిదు రెట్ల గాలి గుండా చూడాలి. ఎంత చీకటిగా ఉన్నా అది వెలవెలబోతుంది. లద్దాఖ్‌లోని హాన్లేలో దాదాపు 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. నమీబియా, చిలీ ఎడారుల్లో ఇంచుమించు నడినెత్తికే చేరుతుంది. మెగలానిక్ మేఘాలనే రెండు చిన్న గెలాక్సీలు బాగా కనిపించేదీ దక్షిణార్ధగోళం నుంచే. చీకటి ఆకాశ యాత్రల్లో అటకామా, నమీబ్, న్యూజిలాండ్ పేర్లు ముందుండటానికి వాటి చీకటి ఎంత కారణమో, భూగోళం మీద అవి ఉన్న చోటూ అంతే కారణం.

రుతువు సంగతి క్లుప్తంగా. మార్చి నుంచి మే దాకా పాలపుంత కేంద్రం తెల్లవారుజామున కనిపిస్తుంది. జూన్, జులైలలో రాత్రంతా ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరులలో సాయంత్రమే దిగిపోతుంది. డిసెంబరు, జనవరిలో సూర్యుడు అటువైపే ఉంటాడు కాబట్టి అసలు కనిపించదు. ఆ నెలల్లో మృగశిర, కృత్తికలు, వాటి చుట్టూ ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రాలు కనువిందు చేస్తాయి గానీ, పోస్టర్లలోని పాలపుంత అది కాదు.

## ఫొటోకూ కంటికీ తేడా

కెమెరా ఒక్కో చిత్రానికి 15 నుంచి 30 సెకన్ల పాటు కాంతిని పోగుచేస్తుంది. కంటికి ఆ సదుపాయం లేదు. పైగా కంటిలో మసక వెలుగులో పనిచేసే దండ కణాలు రంగును గుర్తించలేవు. రంగు చూసే శంకు కణాలకు అంత తక్కువ వెలుగు చాలదు. అందుకే ఊదా, గులాబీ రంగుల్లో మెరిసే ఫొటోలోని పాలపుంత, కంటికి బూడిద రంగు మబ్బు చారలా కనిపిస్తుంది. లేత ధ్రువకాంతి కూడా చాలామందికి ముందు బూడిద పట్టీలాగే కనబడి, ఫోన్ కెమెరాలో పచ్చగా తేలుతుంది. ఫొటో అబద్ధం కాదు, కన్ను చెప్పేదీ అబద్ధం కాదు.

దండ కణాలు పూర్తి శక్తికి చేరడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కాంతికి విరిగిపోయిన రొడాప్సిన్ అనే రంజకం మళ్లీ నెమ్మదిగా తయారవ్వాలి. ఒక్కసారి ఫోన్ తెర చూస్తే చాలు, ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది. మసక ఎర్రటి కాంతికి దండ కణాలు అంతగా స్పందించవు. పరిశీలకులు ఎర్ర టార్చి వాడేది అందుకే. గుంపుగా వెళ్లినచోట ఎవరో ఒకరు కారు తలుపు తీస్తారు, లోపలి బల్బు వెలుగుతుంది, ఆ పక్కన నిలబడ్డ పదిమందికీ మరో అరగంట నష్టం. అనుభవమున్న నిర్వాహకులు ఆ బల్బులను ముందే ఆపేయిస్తారు, బళ్లను బయటికి తీయడానికి వీలుగా తిప్పి నిలబెట్టిస్తారు.

కంటి లోపలి తెర అయిన రెటినా నడిమధ్యన దండ కణాలు లేవు. అందుకే మసక వస్తువును నేరుగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే తేలుతుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీని ఎక్కువమంది మొదటిసారి పోల్చుకునేది ఈ ఓరచూపుతోనే.

ఎత్తైన చోట్ల విషయంలో ఒక వైచిత్రి ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, తేమ తగ్గి ఆకాశం స్వచ్ఛమవుతుంది. టెలిస్కోపులను కొండలెక్కించేది అందుకే. కానీ దండ కణాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. హవాయిలోని మౌనా కియా శిఖరం ఎత్తు 4,205 మీటర్లు. పెద్ద టెలిస్కోపులు ఎన్నో అక్కడున్నాయి. అయినా మామూలు కంటితో చూసేవాళ్లకు 2,800 మీటర్ల దగ్గరున్న సందర్శకుల కేంద్రమే నయమని చెబుతారు. శిఖరం మీద ఆక్సిజన్ లేమితో కంటి చూపు మందగిస్తుంది. మరీ ఎత్తుకు వెళ్లే యాత్రల్లో ఒకట్రెండు రోజులు ముందే చేరి అలవాటు పడటం ఆరోగ్యానికే కాదు, చూపుకూ అవసరం.

## గుర్తింపు అంటే ఏమిటి?

అమెరికాలోని టూసన్ కేంద్రంగా 1988లో మొదలైన సంస్థ ఇప్పుడు ‘డార్క్‌స్కై ఇంటర్నేషనల్’ పేరుతో చీకటి ప్రాంతాలకు గుర్తింపు ఇస్తోంది. ఆరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ 2001లో తొలి చీకటి ఆకాశ నగరమైంది. యూటాలోని నేచురల్ బ్రిడ్జెస్ 2007లో తొలి పార్కు. అదే ఏడాది కెనడాలోని మాన్ మెగాంటిక్ తొలి రిజర్వ్ అయింది. న్యూజిలాండ్‌లోని ఆవురాకి మెకెంజీ, నమీబియాలోని నమీబ్‌రాండ్ 2012లో చేరాయి. 2020లో నియూ అనే పసిఫిక్ ద్వీపం దేశం మొత్తంగా గుర్తింపు పొందింది. భారతదేశంలో మహారాష్ట్ర వైపున్న పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో తొలి చీకటి ఆకాశ పార్కు అయింది. హాన్లే దారి వేరు. 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2022 డిసెంబరులో లద్దాఖ్ పాలనాయంత్రాంగమే చీకటి ఆకాశ రిజర్వ్‌గా నోటిఫై చేసింది. సుమారు 4,500 మీటర్ల ఎత్తున అక్కడ అంతకుముందే ఖగోళ వేధశాల ఉంది.

పేర్లు ఎన్నున్నా పద్ధతులు రెండు రకాలు. మొదటిది వేధశాల కోసం చుట్టుపక్కల దీపాలను కట్టడి చేయడం. కానరీ ద్వీపాల వేధశాలల కోసం స్పెయిన్ 1988లో ఆకాశ రక్షణ చట్టమే తెచ్చింది. ముఖ్యంగా లా పాల్మా ద్వీపంలో దీపాల రకాన్నీ, పైకి పోయే కాంతినీ అది నియంత్రిస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్ 1958లోనే వ్యాపార ప్రకటనల సెర్చ్‌లైట్లను నిషేధించింది. మెకెంజీ ప్రాంతంలోనూ దీపాల నియమాలు 1980ల తొలినాళ్ల నుంచి ఉన్నాయి. ఈ చోట్ల నియమాలు ముందు వచ్చాయి, యాత్రికులు తర్వాత వచ్చారు. రెండో రకంలో జనసంచారం లేని అడవి, ఎడారి తమ సహజమైన చీకటితోనే గుర్తింపు పొందుతాయి. గుర్తింపు వచ్చాక సందర్శకులు పెరుగుతారు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. మొదటి పద్ధతి రాజకీయంగా కష్టం, కానీ గట్టిగా నిలబడుతుంది.

ఎంత పకడ్బందీ గుర్తింపుకైనా సరిహద్దు ఒక పరిమితి. 80 కిలోమీటర్ల అవతల పెరిగే నగరం మీద పార్కు అధికారులకు ఏ అధికారమూ ఉండదు. మాన్ మెగాంటిక్ విలువ అందుకే ఎక్కువ. అక్కడ చుట్టూ ఉన్న పురపాలికలను ఒప్పించి, వేలాది దీపాలను మార్పించి, పెరిగిన వెలుగును వెనక్కి తగ్గించారు.

## జనం పెరిగితే ఏమవుతుంది?

చుక్కల కోసం వచ్చేవాళ్లు రాత్రి బస చేయక తప్పదు. పగలు వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే పర్యాటకుల కంటే వాళ్ల వల్ల స్థానికులకు ఎక్కువ ఆదాయం. జనం పలచగా ఉండే మారుమూల ప్రాంతాలకు ఇది నిజంగా అందివచ్చే అవకాశం. హాన్లేలో స్థానికులకే టెలిస్కోపుల వాడకంలో శిక్షణ ఇచ్చి మార్గదర్శకులుగా తయారుచేయడం ఈ ఆలోచనతోనే. గిరాకీ మాత్రం నెలకు పది రోజులకే పరిమితం. అమావాస్య వారంలో గదులు దొరకవు, పౌర్ణమి వారంలో ఖాళీ. పూర్తిగా దీని మీదే ఆధారపడే బసలకు ఈ ఎగుడుదిగుళ్లు తట్టుకోవడం కష్టం.

ఇంకో ఇబ్బంది అతిథుల కోసం వచ్చే హంగులు. కొత్త హోటల్ ముందు అలంకరణ దీపాలు, దారి పొడవునా స్తంభాలు, అర్ధరాత్రి వచ్చిపోయే బళ్ల హెడ్‌లైట్లు కలిస్తే, చీకటి చూపించి సంపాదించే ఊరు తన సరుకును తానే కరిగించుకుంటుంది. దీనికి సాంకేతిక పరిష్కారాలు కష్టమైనవి కావు. కాంతి కిందికే పడేలా మూసిన దీపాలు, 3,000 కెల్విన్‌కు మించని వెచ్చని రంగు, మనిషి వస్తేనే వెలిగే సెన్సర్లు, కిటికీలకు మందపాటి తెరలు చాలు. తొలి హోటల్ కట్టకముందే ఈ నియమాలు పెట్టారా, పదో హోటల్ కట్టాక పెట్టారా అన్నదాన్ని బట్టి ఆ ప్రాంతం భవిష్యత్తు తేలుతుంది.

స్థానిక నియమాలకు అందనిది ఉపగ్రహాల సంగతి. 2019 మే నెలలో ఇంటర్నెట్ సేవల కోసం తొలి విడత 60 స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఎగిరాక, దిగువ కక్ష్యల్లో వాటి సంఖ్య వేలకు చేరింది. నేల మీద చీకటి పడినా వందల కిలోమీటర్ల ఎత్తున ఎండ ఉంటుంది కాబట్టి అవి మెరుస్తూ సాగిపోతాయి. సూర్యాస్తమయం తర్వాతి ఒకట్రెండు గంటలు, సూర్యోదయానికి ముందు ఒకట్రెండు గంటలు వీటి తాకిడి ఎక్కువ. అర్ధరాత్రి వేళకు దిగువ కక్ష్యలోనివి చాలావరకు భూమి నీడలోకి వెళ్లిపోతాయి. అధిక అక్షాంశాల్లో వేసవిలో ఆ నీడ చాలదు, రాత్రంతా కనిపిస్తూనే ఉంటాయి. ఉష్ణమండలంలోనూ, శీతాకాలపు దీర్ఘ రాత్రుల్లోనూ మధ్య గంటలు ఇప్పటికీ దాదాపు ఖాళీగానే ఉన్నాయి. చుక్కల కార్యక్రమాలను భోజనం కాగానే మొదలుపెట్టి పదిన్నరకు ముగించే బసలు తమ వేళలు మార్చుకోవాల్సి రావచ్చు.